ఆనకట్టలు – నదీ జీవావరణం

ఆనకట్ట నీటిని నిలపడంతోపాటు నది కాలానుగుణ ప్రవాహాన్నీ, అది మోసుకొచ్చే ఒండ్రునూ, చేపల రాకపోకలనూ మార్చేస్తుంది. కృష్ణానదిలో ఈ మార్పులు స్పష్టంగా కనిపిస్తాయి. విజయవాడ దగ్గర 1855లో కట్టిన ఆనకట్ట 1952లో తెగిపోగా, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఎగువన 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. 1980ల్లో శ్రీశైలం, ఆ తర్వాత కర్ణాటకలో ఆలమట్టి పూర్తయ్యాయి.

వర్షాకాలపు వరద ఇప్పుడు ముందుగా జలాశయాలను నింపుతుంది. అవి నిండి గేట్లు ఎత్తితేనే దిగువకు చెప్పుకోదగ్గ ప్రవాహం ఉంటుంది. వానలు ముఖం చాటేసిన ఏడాది బ్యారేజీ కింద ఇసుక మేటలే మిగులుతాయి. జలవిద్యుత్ కేంద్రాల దిగువన నీటిమట్టం ఒక్క రోజులోనే పెరిగి తగ్గుతుంది. ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే పక్షులకు ఇది గండం. జలాశయం అడుగు నుంచి వదిలే నీరు చల్లగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ కూడా తక్కువే.

ఒండ్రు సంగతి ఇంకా తీవ్రం. జలాశయంలో వేగం తగ్గగానే నీటిలోని ఇసుక, మట్టి అడుక్కి దిగుతాయి. శ్రీశైలం నిల్వ సామర్థ్యం 308 టీఎంసీల నుంచి సుమారు 215కు పడిపోయింది. అక్కడ పూడికగా పేరుకున్నది డెల్టాకు చేరాల్సిన మట్టే. డెల్టా నేల సహజంగానే కుంగుతుంటుంది. కొత్త ఒండ్రు పడుతుంటేనే అది సముద్రానికి ఎదురు నిలుస్తుంది. ఆ మట్టి అందక కృష్ణా డెల్టా తీరం కొన్నిచోట్ల కోతకు గురవుతోంది. నది ఒత్తిడి తగ్గిన చోట ఉప్పునీరు ఎగదన్ని దివిసీమ వంటి ప్రాంతాల్లో భూగర్భ జలాన్ని చెడగొడుతుంది. మంచినీరు, ఉప్పునీరు కలిసేచోట బతికే మడ అడవులు కూడా ఈ సమతూకం మీదే ఆధారపడతాయి.

వలస చేపలకు ఆనకట్టే అడ్డుగోడ. గోదావరిలో వరద కాలంలో సముద్రం నుంచి ఎదురీదే పులసకు ధవళేశ్వరం దగ్గర దారి మూసుకుపోతుంది.

ఆనకట్టలు లేనిదే డెల్టాలో ఇంత వరి పండేది కాదన్నది కాదనలేని నిజం. అలాగని సముద్రంలో కలిసే నీటినంతా వృథా పద్దు కింద రాసుకోవడం సరైన లెక్క కాదు. మడ అడవులు, చేపలు, తీరం బతికేది ఆ నీటితోనే. అందుకే నదికి కనీస పర్యావరణ ప్రవాహం వదలాలన్న సూత్రం బలపడింది. ఇలాంటి ఆలోచనతోనే అమెరికాలో 1996లో గ్లెన్ కేన్యన్ డ్యామ్ నుంచి ప్రయోగాత్మకంగా కృత్రిమ వరద వదిలారు. అదే దేశంలో ఎల్వా నదిపై రెండు ఆనకట్టలను 2011–14 మధ్య తొలగించాక, నది ముఖద్వారంలో ఇసుక తీరం తిరిగి పెరిగింది, సాల్మన్ చేపలు మళ్లీ ఎగువకు చేరాయి.