ఆముదం, ముల్తానీ మట్టి, ఒక క్లచ్

మా నాన్నగారి అంబాసిడర్‌కి ఆమధ్య గుండె మార్పిడి జరిగింది. అంటే, ఇంజన్ మార్చారు. ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు కానీ, అమ్మవారి దర్శనానికి బయల్దేరితే ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు సగంలోనే రోగి మొరాయించాడు. ఇంజన్ హోరుమంటోంది, బండి మాత్రం కదలదు. కారంతా కమురు వాసన.

"ఆయనున్నప్పుడు ఈ వాసన ఎప్పుడూ రాలేదే!" అంది వెనక సీట్లోంచి మా అమ్మ.

ఆ ఒక్క మాటకి మా తమ్ముడి మొహం మాడిపోయింది.

క్లచ్ జారుతోందిట. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని, క్లచ్ అంటే డ్రైవరు ఎడమకాలి కింద ఉండే పెడల్ అనే అనుకునేదాన్ని. అదేమిటో చూద్దామని పుస్తకాలు తిరగేస్తే, మనింట్లో సామానే ఎదురైంది!

కారు ఇంజన్ తిరుగుతూనే ఉండాలి, ఆగిందా మళ్ళీ లేపాలి. చక్రాలేమో ఆగాలి, కదలాలి. ఈ రెంటికీ సఖ్యత కుదర్చడానికే క్లచ్. తొలినాటి కార్లలో అది గరాటు ఆకారంలో ఉండేది, దానికి తోలు తొడిగేవారు. తోలు ఎండి బిరుసెక్కితే బండి ఎగిరెగిరి పడేది. అప్పుడు ఆముదం పట్టించేవారు. జిడ్డు ఎక్కువై జారితే ముల్తానీ మట్టి చల్లేవారు. నవ్వకండి, నిజమే! మన తలకీ మొహానికీ చేసే సేవలే క్లచ్‌కీ చేశారు.

1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన బళ్ళ బ్రేకులకి గట్టి లైనింగులు తయారుచేయడం మొదలుపెట్టాడు. పోనుపోను క్లచ్‌కీ తోలు బెడద తప్పింది. తర్వాత ఆస్‌బెస్టాస్ వచ్చింది. దాని దుమ్ము ఊపిరితిత్తులకి చేటని తెలిశాక చాలా దేశాలు దాన్నీ వెళ్ళగొట్టాయి.

ఇక మా బండి సంగతి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి మనదేశపు రూపం అంబాసిడర్. 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో పుట్టింది, 2014లో అక్కడే తయారీ ఆగింది. నాన్నగారు 1977లో కొన్నదానికి 1489 సి.సి. ఇంజన్. అది పూర్తిగా అరిగిపోతే, తుక్కుకి వెళ్ళిన మరో అంబాసిడర్‌లోంచి 1817 సి.సి. ఇసుజు ఇంజన్ తెచ్చి పెట్టించాడు తమ్ముడు. కంపెనీవాళ్ళు 1990లలో ఈ ఇంజన్ పెట్టినప్పుడు, దానికి తగ్గ 5 గేర్ల పెట్టె కూడా ఇచ్చారు. మావాళ్ళు పాత పెట్టే ఉంచేశారు.

ఎందుకంటారా? స్టీరింగ్ పక్కనుండే ఆ గేర్ రాడ్ నాన్నగారి చేతి రాపిడికి నున్నబడింది. "ఇంజన్ మార్చుకోండి, అది మాత్రం తీయొద్దు" అంది అమ్మ. గేర్లు పాతవి కదా అని క్లచ్ కూడా పాతదే ఉంచారు షెడ్డువాళ్ళు. కొత్త ఇంజన్ బలానికి అది పట్టు నిలవలేక జారింది, కాలింది.

ఆటోనగర్‌లో పెద్ద మేస్త్రి ఒకాయన విప్పి చూపించాడు.

"చూడండమ్మగారూ, ఈ ప్లేటు అంచు కొత్త ఇంజన్ చక్రానికి సరిపోవాలి. మధ్యలో ఈ పళ్ళున్నాయే, ఇవి పాత గేర్ షాఫ్ట్ మీద కూర్చోవాలి. పెద్ద ప్లేటుకి పాత నడుము వేసి రివిట్లు కొడతాను."

"ఉన్నదానికే స్ప్రింగులు బిగిస్తే పోదా?" అన్నాడు తమ్ముడు.

"పోతుంది, మీ మోకాలు! పెడల్ రాయిలా అవుతుంది. గేర్లు కూడా పాతవి బాబూ, బలముంది కదా అని ఎగేసి తొక్కకండి."

అంతా విన్న అమ్మ, "అంటే కోడలిలాంటిదన్నమాట. పుట్టింటికీ అత్తింటికీ సర్దుకోవాలి. మధ్యన అరిగిపోయేదీ అదే" అంది. మేస్త్రి పకపకా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ యాభై ఏళ్ళ కాపురం కళ్ళముందు మెదిలింది.

పదిరోజుల తర్వాత మళ్ళీ కొండెక్కాం. ఈసారి అమ్మ ముందు సీట్లో కూర్చుంది. వాసన లేదు, హోరు లేదు. పైన బండి ఆగాక, చెయ్యి చాచి ఆ నున్నటి గేర్ రాడ్‌ని ఓసారి తడిమి, "పదండి, క్యూ పెరిగిపోతుంది" అంది.