వేసవి సెలవులు – విజయనగరం ఫిడేలు

వేసవి రాగానే మనలో చాలామంది మనుమలను సంగీతం నేర్పే సమ్మర్ క్యాంపులకు పంపుతున్నారు. మా విజయనగరంలో వాద్యం నేర్చుకునే పిల్లలకు తలుపు తెరిచిన కథ పెద్దది. దానిని క్లుప్తంగా మనవి చేస్తాను.

పూసపాటి విజయరామ గజపతిరాజు గారు 1919లో విజయనగరంలో సంగీత కళాశాల స్థాపించినారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. అంతకుముందు సంగీతం నేర్వాలంటే గురువు గారింట చేరి ఏళ్ల తరబడి శుశ్రూష చేయాలి. ఆ ఇంట చోటు దొరకని పిల్లవానికి విద్య అందేది కాదు. కళాశాల వచ్చిన తరువాత అటువంటి పిల్లలకూ దారి ఏర్పడినది. ఘంటసాల గారు ఈ ఊరిలో మధుకరం ఎత్తుకుని భోజనం చేస్తూ ఇక్కడే చదువుకున్న సంగతి అందరికీ తెలిసినదే.

కళాశాల పెట్టిన ఏడే విశాఖపట్నం నుండి పాతికేళ్ల యువకుడొకరు విద్యార్థిగా చేరుదామని వచ్చినారు. ఆయనే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. అన్నగారి వద్ద ఫిడేలు నేర్చినవారు, కంటిచూపు తక్కువ. ఆయన వాద్యం విని విద్యార్థిగా కాదు, ఫిడేలు ఆచార్యునిగానే నియమించినారు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, సీటుకు దరఖాస్తు పెట్టినవారికి నియామకపు ఉత్తర్వు అందినది! సర్టిఫికెట్లు జతపరచమని ఉంటే ఆ ఫైలు అక్కడే ఆగిపోయేది. 1936లో ఆయన ప్రిన్సిపాలు అయినారు. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలుతో పూర్తి కచేరీ చేసి మెప్పించినారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ పొందినారు. 1964లో స్వర్గస్థులైనారు.

1966లో నేను ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలు వ్రాసిన వేసవిలో, ఆ కళాశాలలో చదివిన ఒక మాస్టారు మా వీధి పిల్లలకు సెలవుల్లో ఫిడేలు నేర్పేవారు. ఫీజు లేదు, ఫిడేలు కూడా ఆయనదే. నాన్నగారు మాత్రం "ముందు టైపు లోయరు పాసవ్వు, ఉద్యోగం వస్తుంది" అన్నారు. ఉదయం టైపు, సాయంత్రం ఫిడేలు అని ఒప్పందం కుదిరినది.

మొదటి పది రోజులు ఉత్త తీగలపై కమాను లాగడమే. చాపపై కూర్చుని, ఫిడేలు తల కుడిపాదంపై ఆనించాలి. వీణకు వలె దీనికి మెట్లుండవు, వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. అందుచేత మాస్టారు వేళ్లకన్న ముందు చెవికి పాఠం చెప్పేవారు. శ్రుతిపెట్టె పెట్టి అరగంట ఊరకే వినమనేవారు. సరళీ వరుసలు, జంట వరుసలు మూడు కాలాలలో వచ్చి, రెండు గీతాలు పట్టుబడేసరికి సెలవులు ముగిసినవి. ఫిడేలు మాస్టారికి అప్పగించి వచ్చినాను. మరుసటి వేసవికి అది ఇంకొక పిల్లవాని చేతిలో ఉన్నది.

టైపు వలన గుమాస్తా ఉద్యోగం వచ్చినది, నేటికీ పెన్షను వస్తున్నది. కచేరీలో కూర్చుంటే శ్రుతి తెలిసే చెవి మాత్రం ఆ రెండు నెలల చలవే.

మనుమడో మనుమరాలో వాద్యం పట్టుకుంటే, "దీనివలన ఏమి ఉద్యోగం వస్తుంది" అని అడగడానికి ముందు పది నిమిషాలు కూర్చుని వినవలసినదిగా మిత్రులకు మనవి. 1919లో విజయనగరం పెద్దలు చేసినది అదే.