మాట వెనుక కథ: సంఘం

రైతు సంఘం, మహిళా సంఘం అంటూ మనం రోజూ వాడే ‘సంఘం’ సంస్కృతం నుంచి వచ్చింది. సమూహం అని అర్థం. బౌద్ధులకు బుద్ధుడు, ధర్మం, సంఘం త్రిరత్నాలు; అక్కడ సంఘమంటే ముఖ్యంగా భిక్షు సమూహం. తెలుగు బైబిలులో గ్రీకు ‘ఎక్లేసియా’కు ఈ మాటే స్థిరపడింది. ప్రాచీన ఏథెన్స్‌లో ఎక్లేసియా అంటే పౌరుల సభ. రెండు మాటల్లోనూ ఉన్నది మనుషుల కూడికే. అందుకే తెలుగు క్రైస్తవులు భవనాన్ని చర్చి అనీ, గుడి అనీ పిలిచినా, విశ్వాసులను ‘సంఘం’ అంటారు. కొత్త చోట విశ్వాసులను కూడగట్టడాన్ని ‘సంఘ స్థాపన’ అంటారు. బైబిలులో కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో అపొస్తలుడైన పౌలు ఈ పనిని నాటడంతో పోల్చాడు.

తెలుగు పల్లెల్లో ఈ పనికి ఒక ఉదాహరణ ఉంది. 1912లో దోర్నకల్ బిషప్‌ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. సువార్త చెప్పే బాధ్యత బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరిదీ అని ఆయన పల్లె విశ్వాసులకు నేర్పారు. ఆ లెక్కన, కొత్త సంఘాన్ని స్థానికులే నడుపుకుంటూ, పొరుగూరిలో మరో సంఘానికి తోడ్పడగలిగినప్పుడే సంఘ స్థాపన పూర్తయినట్టు.