అమీర్‌పేట – పంజగుట్ట పరిసరాల వారసత్వ కట్టడాలు

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాదు సందర్శనమనగానే చార్మినార్, గోల్కొండ కోట, సాలార్‌జంగ్ మ్యూజియం గుర్తుకు రావడం సహజం. శిక్షణ సంస్థలకు పేరొందిన అమీర్‌పేట, నిమ్స్ ఆసుపత్రి నెలకొన్న పంజగుట్ట ఆ జాబితాలో సాధారణంగా చేరవు. అయితే ఈ రెండు కూడళ్ళకు చేరువలోనే 17వ శతాబ్దం నుండి 20వ శతాబ్దారంభం వరకు నిర్మితమైన అరుదైన కట్టడాలు కలవు. వీటిలో ఎక్కువ భాగం టిక్కెట్టు కొని చూసే ప్రదర్శనశాలలు కావు. ప్రార్థనాలయాలుగా, కార్యాలయాలుగా నగర దైనందిన జీవనంలో భాగమైనవి. నిత్య వినియోగమే ఇంతకాలం వీటిని నిలిపింది. అయితే పరిరక్షణకు అదొక్కటే చాలదని ఎర్రమంజిల్ ఉదంతం తెలియజేస్తున్నది.

ఎర్రమంజిల్

పంజగుట్ట నుండి ఖైరతాబాదుకు వెళ్ళే మార్గంలో గుట్టపై నిలిచిన సౌధం ఎర్రమంజిల్. నిజాం ప్రభుత్వంలో ఉన్నత పదవులు నిర్వహించిన నవాబు ఫక్రుల్ ముల్క్ బహదూర్ కుటుంబ నివాసంగా 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఇది రూపుదిద్దుకున్నది. ఐరోపా బరోక్ శైలిని అనుసరించిన గచ్చు అలంకరణలు, ఎత్తయిన స్తంభాలు, విశాలమైన మందిరాలు దీని ప్రత్యేకత. ఇందులో 150కి పైగా గదులున్నట్లు చెబుతారు.

పేరు విషయంలోనూ ఒక విశేషమున్నది. ‘ఇరం’ అనగా పారశీక సాహిత్యంలో స్వర్గతుల్యమైన ఉద్యానవనం. తెలుగువారి నోట అది ‘ఎర్ర’గా మారి, ఎర్రమంజిల్‌గా స్థిరపడినది. నేడు మెట్రో స్టేషనుకు సైతం ఇదే పేరు.

కాలక్రమంలో ఈ భవనం ప్రభుత్వ స్వాధీనమై, తొలుత రికార్డులను భద్రపరచుటకు, తదుపరి ఇంజనీరింగ్ శాఖల కార్యాలయాలకు ఉపయోగపడినది. హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) నియమావళిలోని 13వ నిబంధన కింద వారసత్వ కట్టడాల జాబితాలో చోటు పొందినది. ఆ నిబంధనను ప్రభుత్వం 2015లో తొలగించగా, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చినది.

2019 జూన్ 18న రాష్ట్ర మంత్రివర్గం ఎర్రమంజిల్ స్థలంలో నూతన శాసనసభ భవన సముదాయాన్ని నిర్మించాలని నిర్ణయించినది. అదే నెల 27న శంకుస్థాపన జరిగినది. పాత భవనాన్ని కూల్చవలసి వచ్చే ఈ నిర్ణయంపై నవాబు వారసులు, వారసత్వ పరిరక్షణాభిలాషులు హైకోర్టును ఆశ్రయించారు. వారసత్వ కట్టడాలకు వర్తించే నియమాలను పరిగణనలోకి తీసుకోకుండా చేసిన నిర్ణయం చెల్లదని పేర్కొంటూ, 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ధర్మాసనం దానిని కొట్టివేసినది. జాబితా, చట్టం, పౌరుల చొరవ – ఈ మూడింటి మూలంగా ఎర్రమంజిల్ కూల్చివేత నుండి బయటపడినది.

బేగంపేట కట్టడాలు

అమీర్‌పేటకు ఆనుకొని ఉన్న బేగంపేటలో పాయిగా వంశీయుల జ్ఞాపకాలు రెండు కనిపిస్తాయి. ఫలక్‌నుమా ప్యాలెస్‌ను నిర్మించిన నవాబు సర్ వికారుల్ ఉమ్రా, దానిని ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు అప్పగించిన అనంతరం నిర్మించుకున్నదే ఇచ్చటి పాయిగా ప్యాలెస్. ఇందులో కొంతకాలం హుడా కార్యాలయం నడిచినది. 2008 నుండి 2023 మార్చి వరకు అమెరికా కాన్సులేట్ జనరల్ కార్యాలయం కొనసాగి, పిదప నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి తరలిపోయినది.

రెండవది స్పానిష్ మసీదు. స్పెయిన్‌లోని కార్డోబా మసీదు–కెథీడ్రల్ స్ఫూర్తితో వికారుల్ ఉమ్రా తలపెట్టిన ఈ మసీదు, ఆయన మరణానంతరం 1906లో పూర్తయినది. నగరంలోని ఇతర మసీదుల గుమ్మటాలకు, మినార్లకు మారుగా ఇక్కడ కోసుదేరిన శిఖరాలు, లోపల గుర్రపు లాడం ఆకృతి కమానులు దర్శనమిస్తాయి.

బేగంపేటలోని సర్ రోనాల్డ్ రాస్ భవనం వైద్య చరిత్రలో చిరస్మరణీయమైనది. మలేరియా పరాన్నజీవి దోమ ఉదరంలో ఉన్నదని రాస్ 1897 ఆగస్టు 20న ఇచ్చటనే గుర్తించారు. మలేరియాపై కృషికి గాను 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

ఖైరతాబాద్ మసీదు

ఎర్రమంజిల్ దాటిన తరువాత వచ్చే ఖైరతాబాద్‌లో కుతుబ్‌షాహీల కాలం నాటి మసీదు కలదు. సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా కుమార్తె ఖైరతున్నీసా బేగం తన గురువు కొరకు 1626లో దీనిని నిర్మింపజేసినట్లు ప్రసిద్ధి. ఆ ప్రాంతానికి ఖైరతాబాద్ అనే పేరు ఆమె వలననే వచ్చినది.

సందర్శకులకు సూచనలు

మియాపూర్ – ఎల్.బి.నగర్, నాగోల్ – రాయదుర్గం మెట్రో మార్గాలు అమీర్‌పేటలోనే కలుస్తాయి. మొదటి మార్గంలో ఎల్.బి.నగర్ వైపు వెళితే పంజగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్ వరుసగా వస్తాయి. రెండవ మార్గంలో నాగోల్ వైపు అమీర్‌పేట తరువాతి స్టేషను బేగంపేట.

మసీదులలో ప్రార్థన వేళలను, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నాన్ని మినహాయించి, పాదరక్షలు విడిచి, తగిన దుస్తులతో ప్రవేశించవలెను. ఎర్రమంజిల్, పాయిగా ప్యాలెస్‌ల లోపల చూడగోరువారు, ఛాయాచిత్రాలు తీయదలచిన పత్రికా ప్రతినిధులు ముందుగా సంబంధిత అధికారుల అనుమతి పొందుట అవసరం. ప్రదర్శనశాలలను కూడా దర్శించదలచినవారు సాలార్‌జంగ్ మ్యూజియానికి, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి శుక్రవారం సెలవని గమనించగలరు.

కట్టడాల వివరాలు ప్రచురించునపుడు వాటి ప్రస్తుత స్థితిని, ఎవరి ఆధీనంలో ఉన్నవో, ఏ జాబితా కింద రక్షణ పొందినవో కూడా పేర్కొనడం ప్రయోజనకరం. ఎర్రమంజిల్ విషయంలో న్యాయస్థానం ముందుకు వచ్చిన ప్రధానాంశం ఈ రక్షణే.