షోలాపురపు నేతవాడలు – కుంభారి నివాసములు

నేతపనివారి ఆరోగ్యమును గూర్చి విచారించువారు ముందుగా వారి యిండ్లను, ఆ యిండ్ల నడుమనున్న వీధులను పరిశీలింపవలసియున్నది. మగ్గము ఇంటనే యుండుటచే వారికి గృహమును, కర్మశాలయు ఒక్కటియే. షోలాపురమందలి తెలుగువారి చరిత్రము ఇందులకు చక్కని నిదర్శనము.

పందొమ్మిదవ శతాబ్దిలో తెలంగాణపు పల్లెలనుండి పద్మశాలీలు అనేకులు జీవనోపాధికై షోలాపురము చేరిరి. 1877లో అచట తొలి నూలుమిల్లు పని మొదలిడిన పిమ్మట పనివారి రాక మరింత హెచ్చెను. వారు నగరపు తూర్పుభాగమందలి పేటలలో స్థిరపడి, మార్కండేయుని గుడి కట్టుకొని, మరాఠీ సీమలో తెలుగు మాటను తరతరములుగా నిలుపుకొనిరి.

చేమగ్గముల కాలమున నేతవాడకు వీధియే ప్రాణము. పడుగు సాగదీసి గంజి పట్టించుటకు పొడవైన ఖాళీస్థలము కావలెను. ప్రాతఃకాలమున ఆలుమగలు, పిల్లలు, ఇరుగుపొరుగువారు వీధిలో చేరి ఆ పని సాగించుట నేతవాడల ఆచారము. గుంటమగ్గమున కూర్చుండువాని కాళ్లకు చెమ్మ తగిలినను, ఆ వీధిపని వలన కొంత ఎండయు, గాలియు, నడకయు లభించుచుండెను. ఆరోగ్యమునకై యెవ్వరును ఆ స్థలమును నిర్మింపలేదు. వృత్తియే దానిని కాపాడెను.

మరమగ్గములు వచ్చిన పిదప ఈ స్థితి మారెను. పని గోడల లోపల చేరెను. మగ్గపు రొద చెవులను, నూలుధూళి ఊపిరితిత్తులను బాధింపసాగెను. స్త్రీలలో పెక్కురు ఇంటనే తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుట వలన పొగాకుధూళియు తోడయ్యెను. వండుకొనుట, పిల్లలను నిద్రపుచ్చుట, పని చేయుట ఒకే గదిలో జరుగునపుడు ఆ ధూళి పనివారలనే కాక పసిబిడ్డలను గూడ తాకును.

ఈ యిరుకునుండి వెలువడుటకై కార్మికులు గావించిన యత్నమే కుంభారి. ఈ గ్రామము నగరమునకు వెలుపల, దక్షిణ షోలాపుర తాలూకాలో, అక్కల్‌కోట మార్గమున నున్నది. కార్మికనాయకుడు నరసయ్య ఆడం నేతృత్వమున బీడీకార్మిక స్త్రీలు సహకార సంఘముగా నేర్పడి, పదివేల గృహముల నిర్మాణమునకు పూనుకొనిరి. వ్యయమును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములును కార్మికురాండ్రును పంచుకొనిరి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ గృహములను అప్పగించెను. వార్లీ గిరిజనుల వెట్టి విముక్తికై పోరాడిన గోదావరీ పరుళేకర్ పేరు ఆ సంఘమునకు పెట్టబడెను. పిమ్మట అచటనే రేనగర్ పేర ముప్పదివేల గృహముల పథకమునకు 2019లో శంకుస్థాపన జరిగెను. 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ వానిలో 15,000 గృహములను చేనేత, మరమగ్గ, బీడీకార్మికులు మున్నగువారికి అంకితము చేసెను.

అద్దెయింటి భయము తొలగుట స్వల్పలాభము కాదు. అయినను గృహసంఖ్యతోడనే వాడ ఆరోగ్యవంతము కానేరదు. ఇంగ్లండున ఎబనేజర్ హోవర్డు 1898లో ఉద్యాననగరమును ప్రతిపాదించినపుడు నివాసము, పనిచోటు, పొలము, తోట దగ్గరగా నుండవలెననియు, భూమి సమష్టి స్వాధీనమున నుండవలెననియు చెప్పెను. 1903లో లెచ్‌వర్తునందు ఆ ప్రయోగము ఆరంభమయ్యెను. పనికై ప్రతిదినము దూరము పోవలసిన వాడలో గృహము చవుకయైనను కాలము, ప్రయాణవ్యయము ఖరీదగును. కొత్త యింటిలోనికి గూడ పొగాకుచేట వచ్చినచో ధూళి వీడలేదన్నమాట.

కావున కాలనీ నిర్మాతలు ఇంటి కొలతలతోపాటు మరికొన్నిటిని లెక్కింపవలెను. బీడీపనికి గాలివెలుతురుగల ఉమ్మడి పందిరి, నడకదూరమున పనిశాల, వానలు తక్కువైన ఆ సీమలో నమ్మదగిన నీరు, చెట్లనీడగల విశాలవీధి, పిల్లలకు ఆటస్థలము, వృద్ధులకు కూర్చుండ అరుగులు అవసరములు. వీనిలో పెక్కింటిని పూర్వపు పడుగువీధి ఖర్చులేకయే సమకూర్చెను. వృత్తి మారి ఆ వీధి అంతరించినది. నేడు దానిని బుద్ధిపూర్వకముగా నిర్మించుకొనవలసియున్నది. సంఘముగా కూడి వేలాది యిండ్లు సాధించిన తెలుగు శ్రామికులకు అదియు సాధ్యమే.