చీటీ గౌనుకి ఐదు పౌన్ల జరిమానా

వేసవికి కలంకారీ గుడ్డ కొని ఇంట్లోనే కుట్టుకుందామనుకునేవాళ్ళు దుకాణంలో అడిగే మొదటి మాట: “ఉతికితే రంగు పోదు కదా?” ఒకప్పుడు ఖండాల మధ్య వ్యాపారం ఈ ప్రశ్నకున్న జవాబు మీదే నడిచింది.

నేను ఏటా మార్చిలో పెడన గుడ్డ తెప్పించుకుని కుర్తాలు కుట్టుకుంటాను. కత్తెర పెట్టేముందు రాత్రంతా నీళ్ళలో నానేస్తాను. గుడ్డ కాస్త కుంచించుకుంటుంది, అదనంగా ఉన్న రంగు కొంచెం దిగుతుంది. అచ్చు మాత్రం చెదరదు. దానికి కారణం అద్దకం పనిలోనే ఉంది. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద టేకు అచ్చులతో, నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ ఊరిన నీళ్ళు అద్దుతారు. ఎరుపు రావల్సిన చోట పటిక అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు కనపడదు. గుడ్డని పారే నీళ్ళలో జాడించి, రంగునీళ్ళలో ఉడికిస్తేనే పటిక ఉన్నచోట రంగు పట్టుకుంటుంది. పాతకాలంలో ఈ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. నిజాంపట్నం వైపు వేరుకి పెద్ద పేరు.

డచ్చివాళ్ళు 1606లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరాలు పెట్టారు. మన చీటీ గుడ్డ, కలంతో గీసిందీ అచ్చుతో అద్దిందీ, యూరప్‌లో విపరీతంగా అమ్ముడుపోయింది. పట్టునీ ఉన్నినీ అలా ఉతుక్కోలేరు. ఇది తేలిక, చవక, ఉతికినా పువ్వు పువ్వులాగే ఉంటుంది. అదే అక్కడి నేతగాళ్ళకి కడుపుమంట. 1686లో ఫ్రాన్స్ ఈ గుడ్డల్ని నిషేధించింది. 1719లో లండన్‌ వీధుల్లో నేతగాళ్ళు ఆడవాళ్ళ ఒంటిమీది చీటీ గౌన్లు చింపేశారు, సిరా చల్లారు. 1721 చట్టంతో అద్దకపు నూలుబట్ట కట్టుకోవడమే నేరమైంది. కట్టుకున్న మనిషికి ఐదు పౌన్ల జరిమానా. ఆ డబ్బు పట్టించినవాడికి!

ఒకవైపు నిషేధిస్తూనే మరోవైపు పని నేర్చుకున్నారు. పుదుచ్చేరి ప్రాంతంలో ఉన్న కూర్దూ అనే ఫ్రెంచి పాదరీ తెలుగు బాగా తెలిసినవాడు. తన దగ్గర మతం పుచ్చుకున్న అద్దకపువాళ్ళని అడిగి, పద్ధతి మొత్తం 1742లో స్వదేశానికి ఉత్తరం రాశాడు. 1774లో బ్రిటన్ నిషేధం సడలించింది, అయితే తమ దేశంలో నేసిన గుడ్డకి మాత్రమే. గుర్తుగా అంచులో మూడు నీలిపోగులు ఉండాలన్నారు. 1783లో రోలరు యంత్రానికి పేటెంటు వచ్చింది. తర్వాత యంత్రపు చీటీ మన సంతలకే చవగ్గా వచ్చిపడింది.

ఇప్పుడు కలంకారీ పువ్వులు మిల్లు గుడ్డ మీదా దొరుకుతున్నాయి. చేతి అద్దకంలో ఒక అచ్చు పక్కన ఇంకొకటి వేసినచోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. పక్కకుట్టు దగ్గర రెండు ముక్కల పువ్వులూ కలపడం కష్టం. నేను చాలాసార్లు కలవకుండానే కుట్టేస్తాను.

అమ్మినవాడితో సరిపెట్టక కట్టుకున్నవాళ్ళ మీద కూడా జరిమానా వేశారంటే, ఆ చట్టం రాసినవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసన్నమాట: ఈ పని బతకడం కట్టుకునేవాళ్ళ చేతిలో ఉంది. పెడనలో అది ఇవాళా నిజమే.