సైకిల్ గేరుకి ఛార్జింగా? పట్టిసీమ రేవులో ఎదురైన వందేళ్ళ ప్రశ్న

ఈ రోజు కథ పట్టిసీమ రేవు దగ్గర మొదలవుతుంది. ఎదురుగా గోదావరి మధ్యలో దేవకూట కొండ, దాని మీద వీరేశ్వరస్వామి గుడి. గట్టు మీద నేను, నా రోడ్ బైక్. ఎంత నొక్కినా గేరు మారట్లేదు. ఎందుకంటే బ్యాటరీ అయిపోయింది!

ఇది కరెంటు సైకిల్ కాదండోయ్, తొక్కేది కాళ్ళతోనే. హ్యాండిల్ దగ్గర బటన్ నొక్కితే, వెనక ఉన్న బుల్లి మోటారు చైన్‌ని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదకి జరుపుతుంది. మామూలు గేరు సైకిల్లో ఆ పని ఇనుప కేబుల్ చేస్తుంది. అంతే తేడా.

పాత అట్లాస్ సైకిల్ మీద వచ్చిన ఒక పెద్దాయన చూసి, "గేరు మార్చడానిక్కూడా ఛార్జింగేంటి బాబూ?" అని నవ్వారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఈ ప్రశ్నకి వందేళ్ళ పైనే వయసుందని.

1903లో టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆన్రీ డెగ్రాంజ్‌కి గేర్లంటే అస్సలు పడదు. అవి 45 ఏళ్ళు దాటినవాళ్ళకే, కుర్రాళ్ళు కండబలంతో గెలవాలి అనేవాడు. అందుకే రేసులో కొండ వస్తే, సైకిల్ దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండో వైపున్న పళ్ళచక్రానికి చైన్ తగిలించి మళ్ళీ ఎక్కేవాళ్ళు! 1936లో ఆరోగ్యం బాగోక ఆయన తప్పుకున్నారు. మరుసటి ఏడాదే, 1937లో, గేర్లు మార్చే డిరైల్యర్‌ని అనుమతించారు.

తర్వాత కూడా చాలా ఏళ్ళు గేరు మార్చడం ఒక విద్యే. లివర్‌ని ఎంత లాగాలో చెయ్యికీ చెవికీ తెలియాలి. 1984లో షిమానో టిక్కుమని ఒక్కో గేరు పడే పద్ధతి తెచ్చింది. 1990లో ఆ లివర్ బ్రేకులోకే వచ్చేసింది. 1990ల మొదట్లోనే ఫ్రాన్స్‌కి చెందిన మావిక్ ఎలక్ట్రానిక్ గేర్లు చేసింది కానీ, నిలబడలేదు. 2009లో షిమానో డీఐ2తో అది నిలదొక్కుకుంది. 2015లో స్రామ్ వైర్లు కూడా తీసేసింది. 2021లో వచ్చిన షిమానో టాప్ మోడల్ డ్యూరా-ఏస్‌లో కేబుల్ రకమే లేదు.

మరి అలవాటు పడటం సంగతి? మొదటి వారం నాకు చిరాకే. కేబుల్ లివర్‌లో వేలికి ఒక బరువు తగులుతుంది, గేరు పడిందని చెయ్యే చెబుతుంది. ఇక్కడ మౌస్ క్లిక్ లాంటి బటన్, అంతే. పైగా రెండు బటన్లూ పక్కపక్కనే. గ్లౌజులు వేసుకుంటే ఏది ఏదో తెలీదు. తేలిక గేరు కావాలనుకుని బరువు గేరు వేసేవాణ్ణి. రెండు మూడు వారాలకి వేలు నేర్చేసుకుంది. అసలు ప్రమాదం అప్పుడే మొదలైంది. గేరు గురించి ఆలోచించడమే మానేశాను.

ఆ రోజు తాళ్ళపూడి దాటాక ముందు గేరు పనిచెయ్యడం ఆగిపోయింది. నా బైక్‌లో ఛార్జింగ్ తగ్గితే ముందు అదే ఆగుతుంది. వెనక గేరుకి కాస్త మిగల్చడానికన్నమాట. అది హెచ్చరిక. నేను పట్టించుకోలేదు. రేవుకి వచ్చేసరికి వెనకది కూడా ఆగింది, అదీ బరువు గేరులో.

తిరుగు ప్రయాణంలో కొవ్వూరు దాకా ఏటిగట్టు మీద ఎదురుగాలి. మోకాళ్ళు పట్టేశాయి. అప్పుడు ఆ పెద్దాయన సైకిలే గుర్తొచ్చింది. దానికీ ఒకటే గేరు, నాకూ ఒకటే గేరు. కానీ ఆయనది బియ్యం బస్తా వేసుకుని కూడా తొక్కగలిగేలా ఆలోచించి పెట్టిన గేరు. నాది చైన్ ఎక్కడ ఆగితే అక్కడ.

అందుకని డెగ్రాంజ్ మాటే కరెక్టా? కాదు. గేరు వల్ల బద్ధకం రాలేదు, మామూలు మనుషులు కూడా కొండలెక్కారు. కాకపోతే ప్రతి కొత్త పద్ధతీ చేతికి ఒక పని తగ్గించి, ఇంకో పని అప్పజెప్పింది. పాత లివర్‌కి చెవి కావాలి, కేబుల్‌కి స్క్రూడ్రైవర్ కావాలి, దీనికి బయల్దేరే ముందు రోజు రాత్రి గుర్తుండాలి. ఇప్పుడు ఫోన్ ఛార్జింగ్ పెట్టేటప్పుడే సైకిల్ బ్యాటరీ కూడా చూసుకుంటున్నా.

మీ ఇంట్లో తాతయ్య సైకిల్ ఉంటే, ఈ ఆదివారం ఒకసారి తొక్కి చూడండి. ఎలా ఉందో కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం!